పాత శుభలేఖ, పాత కంప్యూటరు



ముందుగా ఒక మనవి. ఈ ప్రసంగంలో కొన్ని పేర్లు చెబుతాను. చాలామందికి అవి కొత్త పేర్లు, ఒకసారి వింటే గుర్తుండవు. అవసరమైన చోట ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా పలుకుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మేముండేది రాయ్‌పూర్‌లోని టాటీబంధ్‌లో. నగరం నుంచి భిలాయి వైపు వెళ్లే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద, ఇక్కడివాళ్ల మాటలో జీ.ఈ. రోడ్డు మీద, ఉంటుంది. ఒకవైపు ఎయిమ్స్ ఆసుపత్రి. ఇంకోవైపు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, లారీలు, గ్యారేజీలు, టైర్ల దుకాణాలు. మా నాన్నగారు పార్వతీపురం దగ్గరి ఒక పల్లె నుంచి రైల్వే పనికి ఇటు వచ్చారు. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా వచ్చే ఆ దారి పట్టుకుని మావంటి కుటుంబాలు ఎన్నో ఇక్కడికి చేరాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. మూడో తరానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నేను ఇవాళ మాట్లాడబోయేది కంప్యూటరు ప్రోగ్రాముల గురించే అయినా, నన్ను వాటి దగ్గరికి తీసుకెళ్లింది మాత్రం ఈ చదవడం రాకపోవడమే.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉంది. నాలుగు జీబీ ర్యామ్, పదేళ్ల నాటి ప్రాసెసర్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. కొత్త విండోస్ ఈ పెట్టెకు ఎక్కదు. మా అబ్బాయి కబాడీవాడికి, అంటే పాత సామాన్లు కొనేవాడికి, ఇచ్చేద్దామన్నాడు. మనిషి ఇంకా నడుస్తుంటే చెప్పులు అరిగాయని పడుకోబెడతామా? నాకు మనసొప్పలేదు. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, అతను లినక్స్ మింట్ అనే వ్యవస్థను పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చాడు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించాడు, లోపలి డిస్కును ముట్టుకోకుండా. అన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే లోపలికి ఎక్కించాడు. మీలో ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే ఇదే వరస పాటించండి: ముందు మీ ఫోటోలు, కాగితాలు వేరే చోట దాచండి, తరవాత పెన్‌డ్రైవ్‌తో చూడండి, నచ్చితేనే ఎక్కించండి.

లినక్స్ అంటే 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని. దాని మూలం, అంటే సోర్సు కోడు, అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి ఈ వ్యవస్థను తెలుగులోకి తెచ్చే పని చేస్తోంది. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు దీని మీదే నేర్చుకుంటున్నారు.

లినక్స్ అనగానే అందరూ చెప్పేవి ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ. అవి మంచివే. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను చెప్పను. 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లినక్స్ రూపంలో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అంత పెద్ద అంగట్లో వెనక అరల్లో దుమ్ము పట్టి కూర్చున్న మంచి వస్తువులు ఎన్నో. వాటికి ప్రకటనలు లేవు. ఎవరో ఒకరు నోటితో చెబితే తప్ప తెలియదు. నాకు పనికొచ్చినవాటిలో కొన్ని చెబుతాను.

నాకు మొదటి అవసరం ఒక శుభలేఖ వల్ల వచ్చింది. మా అమ్మ ఇనప్పెట్టెలో పట్టుచీర మడతల మధ్య ఆమె పెళ్లి శుభలేఖ దొరికింది. శుభకృతు నామ సంవత్సరం, వైశాఖ మాసం, అంటే 1962. నాలుగు మూలలా పూసిన పసుపు ఇంకా పోలేదు. కింద రెండువైపులా పెద్దల పేర్లు, ఊళ్ల పేర్లు. మా మనవడు దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి, "తాతా, ఇందులో ఏం రాసింది?" అన్నాడు. అందులో ఉన్నది వాడి ముత్తాత పేరు. వాడికి ఆ అక్షరాలు ముగ్గులా కనిపిస్తున్నాయి.

శుభలేఖను స్కాన్ చేసి, అందులోని అక్షరాలను కంప్యూటరు చేత చదివించాలనుకున్నాను. దానికి ఒక ప్రోగ్రాము ఉంది. పేరు జీ ఇమేజ్ రీడర్. రాసుకోండి: మొదట జీ అక్షరం, దాని వెంటనే ఖాళీ లేకుండా ఇమేజ్, రీడర్ అనే రెండు మాటలు. ఇది పైకి కనిపించే ముఖం. లోపల పనిచేసేది టెస్సరాక్ట్ అనే యంత్రం. 1985లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో మొదలై, 2005లో మూలంతో సహా అందరికీ విడుదలైంది. తరవాత గూగుల్ దాన్ని పెంచింది. దీనికి తెలుగు కూడా నేర్పారు. తెలుగు డేటా ప్యాకేజీని విడిగా ఎక్కించుకోవాలి. అది మరచిపోతే తెలుగు అక్షరాలను ఇంగ్లీషనుకుని ఏదేదో చదువుతుంది.

మొదటిసారి ఏమయిందో చెబుతాను. మూలల్లోని పసుపు మరకల్ని కూడా అక్షరాలనుకుంది. మరకలున్న చోట వరసగా సున్నలు, చుక్కలు వచ్చాయి. అప్పుడు ప్రోగ్రాములోనే ఉన్న వెలుగు, కాంట్రాస్టు మీటలు కాస్త జరిపి, మౌసుతో అక్షరాలున్న మేరకే గడి గీసి, మళ్లీ చదవమన్నాను. ఈసారి నూటికి తొంభై పాళ్లు సరిగ్గా వచ్చింది. "సకుటుంబ సపరివార సమేతంగా" అన్న వాక్యం ఒక్క తప్పు లేకుండా వచ్చింది. తప్పులు ఎక్కడ వచ్చాయంటే వత్తుల దగ్గర. మా మేనత్త పేరులో లక్ష్మి ఉంది. క కింద ష, దాని పక్కన మ. మూడు అంతస్తులు. మూడో అంతస్తు దానికి కనబడలేదు, లక్షి అని రాసింది. ధ, థ తేడా కూడా ఒకటి రెండు చోట్ల తప్పింది. కడుపులో చుక్కే కదా తేడా, అరవై ఏళ్ల అచ్చులో ఆ చుక్క నిండిపోయింది. సరిదిద్దుకోవడానికి పది నిమిషాలు పట్టింది. చేతిరాత దీనికి రాదు, అచ్చు అక్షరాలే. స్కాన్ చేసేటప్పుడు అంగుళానికి 300 చుక్కలు పెట్టుకుంటే ఫలితం బాగుంటుంది. మీ ఇంట్లో పాత కరపత్రాలు, ఊరి గుడి చరిత్ర పుస్తకాలు, కాపీలు దొరకని చిన్న పుస్తకాలు ఉంటే వాటికి దీనితో ప్రాణం పోయవచ్చు.

పేర్లు చేతికొచ్చాయి. వాటిని ఏం చెయ్యాలి? ఇక్కడే నేను అన్నిటికంటే ఎక్కువగా ఇష్టపడే ప్రోగ్రాము వస్తుంది. గ్రాంప్స్. జీ, ఆర్, ఏ, ఎం, పీ, ఎస్. వంశవృక్షాలు రాసుకునే ప్రోగ్రాము. 2001లో డాన్ ఆలింగ్‌హామ్ అనే ఆయన మొదలుపెట్టారు, ఇప్పటికీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు దాన్ని పెంచుతున్నారు.

దీనికి ముందు నేను ఒక ఆన్‌లైన్ సేవలో మా వంశవృక్షం పెట్టుకున్నాను. పేరు చెప్పను. అరవై డెబ్బై మందిని ఎక్కించాక, ఇక మీదట చూడాలంటే డబ్బు కట్టమంది. కట్టకపోతే మా తాతముత్తాతలు నాకే కనబడరు! గ్రాంప్స్‌లో ఆ బాధ లేదు. రాసిందంతా మీ కంప్యూటరులోనే, మీ డిస్కులోనే ఉంటుంది. వంశవృక్షాల ప్రోగ్రాముల్లో చాలావాటికి అర్థమయ్యే జెడ్‌కామ్ అనే రూపంలో ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసుకోవచ్చు. అలా తీసేటప్పుడు బతికున్నవాళ్ల వివరాలు బయటికి పోకుండా ఆపే వీలు కూడా పెట్టారు. బంధువులకు ఫైలు పంపేటప్పుడు అది తప్పకుండా వాడండి. ఒకరి పుట్టినరోజు, ఫోన్ నంబరు పంచే హక్కు మనకు లేదు.

నన్ను కట్టిపడేసింది అందులోని ఊళ్ల విభాగం. ఊరి పేరు రాస్తే సరిపోదు, అది ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో కూడా రాసుకోవచ్చు. మన పార్వతీపురాన్నే తీసుకోండి. మా నాన్నగారు పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదల్లేదు, పైన చిరునామా ఇన్నిసార్లు మారింది. శుభలేఖలో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది, నాన్నగారి సర్వీసు పుస్తకంలో ఒకటి, అమ్మ ఆధార్‌లో ఇంకొకటి. ఇన్నాళ్లూ వీటిలో ఏదో తప్పు అనుకునేవాళ్లం. గ్రాంప్స్‌లో తేదీలతో సహా ఎక్కించాక తెలిసింది, మూడూ ఒప్పే.

ఇవి ఎక్కిస్తున్నప్పుడు ఒక విశేషం కనబడింది. అమ్మ పెళ్లి శుభకృతులో జరిగింది. సరిగ్గా అరవై ఏళ్లకు మళ్లీ శుభకృతు వచ్చింది. ఆ ఉగాది వెళ్లిన రెండు రోజులకే ఆమె పుట్టిన ఊరికి కొత్త జిల్లా వచ్చింది. అమ్మకు ఈ మాట చెబితే వేళ్లు మడిచి లెక్క చూసుకుని నవ్వింది.

రాయ్‌పూర్ కథా ఇంతే. సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్, తరవాత మధ్యప్రదేశ్, 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్. ఆంధ్రప్రదేశ్ పుట్టిన తేదీనే, నలభై నాలుగేళ్ల తరవాత, మేం ఉంటున్న రాష్ట్రం పుట్టింది.

మన ఇళ్లలో మేనరికాలు మామూలు. మా అమ్మ మా నాన్నగారికి స్వయానా మేనమామ కూతురు. అంటే అమ్మకు తాతగారైన మనిషే నాన్నగారికీ తాతగారు. ఆ పాత ఆన్‌లైన్ సేవలో నేను ఆయన్ని రెండుసార్లు, ఇద్దరు వేరువేరు మనుషుల్లా ఎక్కించాల్సి వచ్చింది. గ్రాంప్స్‌లో మనిషి ఒక్కసారే ఉంటాడు. ఎన్ని దారుల్లో చుట్టమైతే అన్ని దారులూ కలుపుకోవచ్చు. ఒక లోటు ఉంది, చెప్పాలి. ఇంగ్లీషు ముఖంతో వాడితే అది బావనూ కజిన్ అంటుంది, పెదనాన్న కొడుకునూ కజిన్ అంటుంది. మనకు ఒకరు సరసమాడదగినవాడు, ఇంకొకరు అన్నయ్య. అందుకే ప్రతి మనిషి కిందా గమనిక గడిలో వరస తెలుగులో రాసిపెట్టాను: "నాకు చినమావయ్య", "నాకు వదిన వరస" అని. తేదీలు తెలియనివాళ్లకు "సుమారు" అనీ, "ఫలానా ఏటికి ముందు" అనీ రాసుకోవచ్చు. అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే నేను కొట్టాను. మూడు ఆదివారాలు పట్టింది, నూట నలభై మంది తేలారు. అందులో సగం మంది పేర్లు అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

తెలుగు కొట్టడం ఎలా అని అడుగుతారు. లినక్స్‌లో కీబోర్డు అమరికల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉంది. హిందీ ఇన్‌స్క్రిప్ట్ నేర్చినవాళ్లకు మళ్లీ నేర్చుకునే పని లేదు, ఎందుకంటే హిందీ క ఏ మీట మీద ఉందో తెలుగు క కూడా అదే మీట మీద ఉంటుంది. మా వంటి ప్రవాసాంధ్రుల పిల్లలకు ఇది పెద్ద వరం. ఇంగ్లీషు ఉచ్చారణతో కొట్టేవాళ్లకు ఐబస్ అనే దానిలో ఆర్టీఎస్ వంటి పద్ధతులున్నాయి. ఇక ఖతులు, అంటే ఫాంట్లు: దేశికాచారిగారు చేసిన పోతన, వేమన ఖతులు, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, సూరన్న ఖతులు అన్నీ ఉచితం.

మనవడి సంగతి మధ్యలో వదిలేశాను. వాడి కోసం దొరికింది కేలెట్రెస్. కే అక్షరం, తరవాత ఎల్, ఈ, టీ, టీ, ఆర్, ఈ, ఎస్. అక్షరాలు నేర్పే చిన్న ప్రోగ్రాము, కేడీఈ అనే సమూహం వాళ్లది. ఇరవైకి పైగా భాషలున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. తెలుగు అక్షరాలు, ధ్వనులు మెనూలోంచి దించుకోవాలి. నాలుగు మెట్లు. మొదటి మెట్టులో అక్షరం తెర మీద కనబడుతుంది, గొంతు వినబడుతుంది, పిల్లవాడు ఆ మీట నొక్కాలి. రెండో మెట్టులో అక్షరం కనబడదు, గొంతు మాత్రమే. మూడు, నాలుగు మెట్లలో ఇదే పని రెండేసి, మూడేసి అక్షరాల ముక్కలతో. అంతే. బొమ్మల హంగామా లేదు, మార్కులు లేవు, ప్రకటనలు లేవు, మధ్యలో ఏదో కొనమనే పెట్టెలు లేవు. మా వాడు మొదటి రోజు పది నిమిషాలు కూర్చున్నాడు. రెండో రోజు వాడే తెరిచాడు. అ, ఆ దగ్గర మొదలై, బడి సెలవులయ్యేసరికి శుభలేఖలో ముత్తాత పేరు కూడబలుక్కుని చదివాడు. ఆ మధ్యాహ్నం అమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను.

మా పక్కింటాయనకు ఒక లారీ ఉంది. టాటీబంధ్‌లో ఇంటింటికీ లారీతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. ఆయన డీజిలు లెక్క ఒక డైరీలో రాసేవారు, నెలాఖరుకు మైలేజీ తేలేది కాదు. ఆయనకు హోమ్‌బ్యాంక్ చూపించాను. ఇంటి జమాఖర్చుల ప్రోగ్రాము ఇది, మాక్సిమ్ డోయెన్ అనే ఆయన ఒక్కరే 1995 నుంచి నడుపుతున్నారు. ఇందులో వాహనం ఖర్చుల నివేదిక అని ఒకటి ఉంది. డీజిలు ఖర్చు రాసేటప్పుడు మెమో గడిలో మీటరు రీడింగూ, ఎన్ని లీటర్లు పోయించారో కూడా చెప్పిన పద్ధతిలో రాస్తే, కిలోమీటరుకు ఎంత పడుతోందో, లీటరుకు ఎంత నడుస్తోందో అదే లెక్క కట్టి చూపిస్తుంది. లక్షల టర్నోవరు ఉన్న కంపెనీకి ఇది చాలదు, ఒకటి రెండు బండ్లున్న మనిషికి సరిగ్గా సరిపోతుంది. ఆయన డైరీ మానలేదు. డైరీలోంచి వారానికోసారి మా ఇంటికొచ్చి ఎక్కించుకుంటారు.

మిగతావి త్వరగా చెబుతాను.

ఇంటర్నెట్ నిలకడగా లేని చోట ఉన్నవాళ్లకు కివిక్స్. కే, ఐ, డబ్ల్యూ, ఐ, ఎక్స్. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని, ఆ తరవాత నెట్ లేకుండా చదువుకోవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. అంత గ్రంథాలయం ఒక పెన్‌డ్రైవులో పడుతుంది. పల్లెటూరి బడులకు ఇంతకంటే మంచి కానుక నాకు తోచడం లేదు.

నిఘంటువులకు గోల్డెన్‌డిక్ట్. స్టార్‌డిక్ట్ రూపంలో ఉన్న నిఘంటువులను ఎన్నిటినైనా ఇందులో చేర్చి, ఒకే మాటను అన్నిటిలోనూ ఒక్కసారే వెతకవచ్చు. ఇంగ్లీషు మాటలకైతే అర్థ అనే ప్రోగ్రాము. అవును, మన అర్థమే, ఏ, ఆర్, టీ, హెచ్, ఏ. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంవారి వర్డ్‌నెట్ మీద నిలబడింది, నెట్ అక్కర్లేదు. చదువుతున్న చోట ఏదైనా ఇంగ్లీషు మాటను మౌసుతో పట్టుకుని, నిర్ణయించుకున్న మీటలు నొక్కితే అర్థాలు, పర్యాయపదాలు ఎదుట నిలుస్తాయి. మా కోడలు పోటీ పరీక్షలకు చదువుతోంది, రోజూ ఇదే వాడుతుంది.

పీడీఎఫ్ కాగితాల మీద పెన్నుతో రాసినట్టు రాయడానికి, సంతకం పెట్టడానికి ఎక్సోర్నల్ ప్లస్ ప్లస్. ఎక్స్, ఓ, యూ, ఆర్, ఎన్, ఏ, ఎల్, తరవాత రెండు కూడికలు. పేజీలు అటూ ఇటూ మార్చడానికి, రెండు పీడీఎఫ్‌లు ఒకటి చేయడానికి పీడీఎఫ్ అరేంజర్. ఈ రెంటికోసం ఇంతకాలం మన ఆధార్, పాన్ కాగితాలను ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లకు ఎక్కించాం. ఇక అవసరం లేదు. ఇంటి కాగితం ఇల్లు దాటకుండానే పని అయిపోతుంది.

రేడియోలో మాట్లాడుతూ రేడియో ప్రోగ్రాము చెప్పకపోతే బాగుండదు. షార్ట్‌వేవ్ అని ఒకటి ఉంది. ప్రపంచంలో ఇంటర్నెట్ మీద వినబడే వేల రేడియో కేంద్రాల పట్టిక అందులో ఉంటుంది. ఆ పట్టికను వాడేవాళ్లే నింపుతారు. పేరు వెతకడం, నొక్కడం, వినడం.

వీటిని ఎక్కించడం ఎలా? లినక్స్ మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ అని ఉంటుంది. దాన్ని తెరిచి, నేను చెప్పిన పేరు కొట్టి, ఇన్‌స్టాల్ నొక్కండి. వెబ్‌సైట్లలో వెతికి తెచ్చుకోకండి, దొంగ కాపీలు తగులుతాయి. డబ్బు ఎవరికీ కట్టనక్కర్లేదు.

ఒక కష్టం మాత్రం ఉంది. వీటిలో చాలావాటికి తెలుగు ముఖం అరకొరగానే ఉంది. మెనూలో సగం తెలుగు, సగం ఇంగ్లీషు. కొన్ని చోట్ల తెలుగు ఉన్నా అది ఎవరూ మాట్లాడని తెలుగు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, చేసే చేతులు తక్కువ. కన్నడం, మలయాళం, తమిళం వాళ్ల పిల్లలు ఈ పనికి కూర్చుంటున్నారు. ప్రోగ్రాము రాయడం రాకపోయినా పర్లేదు. "ఓపెన్" అన్న చోట "తెరువు" అని రాయగలిగితే చాలు, నాలుగు మాటలు చక్కగా రాసే అత్తగారు, రిటైరైన మాస్టారు, కాలేజీ కుర్రాడు, ఎవరైనా సరే. హైదరాబాదు స్వేచ్ఛ వంటి సంస్థల ద్వారా కలవవచ్చు, నేరుగా ఆయా ప్రోగ్రాముల అనువాద బృందాల్లోనూ చేరవచ్చు. గ్రాంప్స్‌లో బావను బావ అని, వదినను వదిన అని పిలిపించే పని నేను తలకెత్తుకున్నాను. నాతో కలిసేవాళ్లు కావాలి.

ఈ వారం ఆఖరున మీ ఇంట్లోని పెద్దవాళ్లలో ఒకరి పక్కన కూర్చోండి. కంప్యూటరు లేకపోతే కాగితం చాలు. వాళ్ల అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు, వాళ్ల పుట్టిళ్ల ఊళ్లు అడిగి రాసుకోండి. మిగిలిన పని తరవాత చేసుకోవచ్చు, ఇది మాత్రం తరవాతకు పెట్టకండి.